గురువు చెవి

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూనే శ్రీరుద్రంలోని నమకం నేర్చుకుందామని వచ్చారు. వేదాన్ని ఘన పద్ధతి దాకా నేర్చిన ఘనపాఠీల రికార్డింగులు ఫోన్‌లోనే ఉన్నాయి, స్వరాల గుర్తులు పుస్తకంలో ఉన్నాయి, మరి గురువు దేనికని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రికార్డింగు చెబుతుంది, వినదు. గురువు వింటాడు.

అందరికీ నోటికొచ్చిన ‘గణానాం త్వా’ చూడండి. కృష్ణయజుర్వేద పాఠంలో ‘గ’ అనుదాత్తం, గొంతు దిగాలి. ‘ణా’ ఉదాత్తం, గొంతు మామూలు ఎత్తులో ఉండాలి, దానికి గుర్తు ఉండదు. ‘నాం’ మీద రెండు నిలువు గీతలు, అంటే దీర్ఘస్వరితం. గొంతు అక్కడ లేవాలి. పుస్తకం చూసి నేర్చుకున్నవారు ‘ణా’ దీర్ఘం కదా అని అక్కడే లేపేస్తారు, ‘నాం’ దగ్గరికొచ్చేసరికి ఇక లేవడానికి చోటుండదు. ఆ వెంటనే ‘గణపతిగ్ం హవామహే’. అచ్చులో ‘గ్ం’ కనబడగానే ‘గుం’ అనేస్తారు. లేని ఉకారం వచ్చి చేరుతుంది, మాత్ర, అంటే పలికే కాలం, పెరుగుతుంది. అన్నవారికి మాత్రం ఏ తేడా తెలియదు. మనసులో ఉన్న పాఠమే వాళ్ల చెవికి వినబడుతుంది కాబట్టి. ఉచ్చారణ గురించి చెప్పే పాణినీయ శిక్ష, పాఠకాధములని, అంటే చెడ్డగా చదివేవారని, ఆరుగురిని లెక్కపెట్టింది. పాటలా రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, వాళ్లతోపాటు ‘లిఖితపాఠకుడు’, అంటే రాసినదాన్ని చూసి చదివేవాడు.

సంత పద్ధతి మీకు తెలిసిందే. గురువు ఒకసారి చెబుతారు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. ముందు రెండు మూడు పదాలు, అవి కుదిరాక వాక్యం. వేదపాఠాన్ని విడగొట్టే కొలత పనస, అంటే 50 పదాలు. పెద్దవయసులో మొదలుపెట్టినవారు ఒక్క రోజులో పనసంతా పట్టుకోవద్దు, నాలుగైదు వాక్యాలు చాలు. ఇంటికెళ్లి పదిసార్లు వల్లె వేయండి, కానీ గురువు దిద్దాకే. తప్పును పదిసార్లు వల్లిస్తే తప్పే నోట్లో పాతుకుపోతుంది, దాన్ని వదిలించడం కొత్త పాఠం చెప్పడం కన్నా కష్టం. మర్నాడు పుస్తకం మూసి ఒప్పజెప్పాలి.

పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పే ఘన దాకా వెళ్లినవారి సంగతి చూడండి. పదాలకు అంకెలు వేసుకుంటే, 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3, తర్వాత రెండో పదం నుంచి మళ్లీ అలాగే అల్లుకుంటూ పోతే మధ్యలో వచ్చే ఒక్కో పదం 13 సార్లు పలుకుతుంది. పదాలు తిరగబడిన ప్రతిచోటా సంధి మారవచ్చు, స్వరం మారవచ్చు. వినేవాడు పక్కన లేకుండా అంత దూరం నడవడం కుదరదు.

వీడియో కాల్‌లో నేర్చుకునేవారికి ఒక మాట. అందరూ కలిసి అనకండి, శబ్దం ఆలస్యంగా చేరి ఒకరిదొకరికి కలవదు. మిగతావారు మైకు ఆపేసి, ఒక్కొక్కరే అనండి. ఫోన్‌లో నేపథ్య శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు ఉంటే తీసేయండి, సాగదీసిన అక్షరాన్ని అది మింగేయవచ్చు.

ఇక అసలు కష్టం. ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషిని ఇక్కడ ఒకే అక్షరం దగ్గర నాలుగోసారి ఆపుతారు. ముఖం ఎర్రబడుతుంది. ‘మా వైపు ఇలాగే అంటారండీ’ అనాలనిపిస్తుంది. ఆ మాట మింగుకుని అయిదోసారి అనడంలోనే సాధన మొదలవుతుందని నా నమ్మకం. స్వరంలో తన తప్పు తనకు వినబడనట్టే, ఇంట్లో తన మాటలోని కరుకుదనమూ వినబడదు. ఒకచోట దిద్దించుకోవడం అలవాటైన చెవి రెండోచోట కూడా నెమ్మదిగా తెరుచుకుంటుంది.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఈ గురుశిష్యుల బంధాన్ని సంధితోనే పోల్చింది. ఆచార్యుడు పూర్వరూపం, అంటే ముందు అక్షరం; అంతేవాసి, అంటే శిష్యుడు, ఉత్తరరూపం, అంటే తర్వాతి అక్షరం; విద్య సంధి; ప్రవచనం, అంటే బోధ, వాటిని కలిపే సంధానం. రెండు అక్షరాలు పక్కపక్కకు వస్తేనే సంధి. అదే వల్లిలో, చదువు ముగించి వెళ్లే శిష్యుడితో గురువు అంటాడు: ‘యాన్యస్మాకగ్ం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి.’ మాలోని మంచి నడతలనే పట్టుకో, తక్కినవి వద్దు. తనను కూడా జల్లించి తీసుకోమంటున్నాడు. ఆ మాట అనలేని గురువు దగ్గర జాగ్రత్తగా ఉండండి.

గురువును వెతుక్కునేటప్పుడు మీకొచ్చిన మంత్రం ఒకటి ఆయన ముందు చెప్పండి. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో చూడండి. తప్పులు దొర్లుతున్నా చివరిదాకా విని బాగుందని పంపేస్తే, ఇంకొకరిని వెతుక్కోండి.

రేపు ఉదయం ‘నమస్తే రుద్ర మన్యవ’తో సంత మొదలుపెడదాం. పుస్తకాలు సంచీలోనే ఉండనివ్వండి.