పూత చూసి తోట కొనేస్తారా? రిక్రూటింగ్ క్లాస్ అసలు లెక్క

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో హైస్కూల్ కుర్రాళ్లు ఏ కాలేజీకి ఆడతారో సంతకం చేసే సైనింగ్ డే డిసెంబర్‌లో అయిందో లేదో, టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్‌లో ఎమ్మెస్ చేసిన మావాళ్ల వాట్సాప్ గ్రూపు మోగిపోతుంది. "క్లాస్ అదిరింది అన్నా, ఇక టైటిల్ మనదే!" క్లాస్ అంటే ఆ ఏడాది టీమ్ తెచ్చుకున్న కొత్త కుర్రాళ్ల బ్యాచ్. బాబూ, కాస్త ఆగండి.

మామిడి తోట గుత్తకు తీసుకునేవాళ్లను చూశారా? చెట్టు పూత మీద ఉండగానే బేరం. ఆ పూతలో పిందె కట్టేది కొంతే. గాలివానకు రాలేవి రాలగా బండికెక్కే కాయలెన్నో ఎవరికీ తెలీదు. రిక్రూటింగ్ సైట్లు కుర్రాళ్లకు ఐదు దాకా ఇచ్చే స్టార్ రేటింగ్ కూడా పూత లెక్కే. పదిహేడేళ్ల కుర్రాడిని చూసి, మూడేళ్ల తర్వాత ఎలా ఆడతాడో కట్టే అంచనా.

(స్క్రీన్ మీద: 10 సెప్టెంబర్ 2022, కైల్ ఫీల్డ్. అపలాచియన్ స్టేట్ 17, టెక్సాస్ ఎ అండ్ ఎం 14)

ఈ స్కోరు చూడండి. వేర్వేరు సైట్ల రేటింగులు కలిపి కట్టే 247స్పోర్ట్స్ కాంపోజిట్ లెక్కలో అప్పటిదాకా ఏ కాలేజీకీ రానంత రేటింగ్ ఎ అండ్ ఎం 2022 క్లాస్‌కి వచ్చింది. అదే ఏడాది సొంత గడ్డ మీద ఇలా ఓడారు. సీజన్ మొత్తం మీద ఐదు గెలుపులు, ఏడు ఓటములు. మరుసటి ఏడాది నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు, అదీ ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుని! అంతిస్తే నన్నూ తీసేయండి, ఏమీ అనుకోను.

మరి స్టార్లన్నీ ఉత్తివేనా? ఈ మాట అనేవాళ్ల మీద నాకు ఇంకా ఎక్కువ చిరాకు. "ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్టార్ అయిన జోష్ అలెన్‌కి హైస్కూల్లో ఒక్క పెద్ద కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇస్తామనలేదు కదా" అంటారు. నిజమే. పూత పలచగా ఉన్న తోటలో ఒక చెట్టు విరగకాసిందని తోటంతా కొంటారా? అలబామా 2017 క్లాస్ చూడండి. టువా, జూడీ, రగ్స్, డివాంటా స్మిత్, నాజీ హారిస్... ఎనిమిది మంది, ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2020, 2021లలో ఫస్ట్ రౌండ్‌లోనే వెళ్లారు. వాళ్లలో మాక్ జోన్స్ త్రీ స్టార్ కుర్రాడే, అది వేరే సంగతి. పూత దట్టంగా ఉంటే కొంత రాలినా గంప నిండుతుంది.

అయితే దట్టం అంటే చెట్ల సంఖ్య కాదు. ముప్పై మందిని తెచ్చిన టీమ్‌నీ, పద్దెనిమిది మందిని తెచ్చిన టీమ్‌నీ మొత్తం పాయింట్లతో పోల్చకండి, ఒక్కొక్కరి సగటు చూడండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఏ పొజిషన్‌కి ఎవరొచ్చారో చూడండి. బంతి పట్టే రిసీవర్లు ఐదుగురు, ముందు అడ్డుగా నిలిచే లైన్‌మన్ ఒక్కడు అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేదెవరు? ఒక్క ఏడాది కాదు, నాలుగేళ్ల క్లాసులు కలిపి ఫోర్, ఫైవ్ స్టార్లు సగానికి పైగా ఉన్నారా చూడండి. బ్లూ చిప్ రేషియో అనేది అదే.

ఇక పోర్టల్, అంటే ఆటగాళ్లు కాలేజీ మారే దారి. కాయ మన చెట్టుకే పండాలని రూలేం లేదు. ఎ అండ్ ఎం 2022 క్లాస్‌లోని వాల్టర్ నోలెన్ ఓల్ మిస్‌కి వెళ్లిపోయి 2025 డ్రాఫ్ట్‌లో 16వ పిక్ అయ్యాడు. ఎ అండ్ ఎం‌లోనే ఉండిపోయిన షెమార్ స్టువర్ట్ 17వ పిక్. ఈ రెండు పేర్లూ ఆ గ్రూపులో పడేయండి, అన్న ఏమంటాడో చూద్దాం.