తొలి నెలల విలువ

శ్రోతలకు నమస్కారం.

బతుకుతెరువు కోసమో, ప్రాణభయంతోనో సొంత దేశాన్ని విడిచి మరో దేశం చేరినవారు అక్కడి ఉద్యోగ జీవితంలో ఎలా కుదురుకుంటారన్న చర్చ వచ్చినప్పుడల్లా మనం భాష గురించీ, చదువు గురించీ, పరిచయాల గురించీ మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. అయితే వాటంతటి బలమూ ఉండి, తక్కువగా చర్చకు వచ్చేది మరొకటి ఉంది. అది కాలం. చేరిన తొలి నెలలు ఎలా గడిచాయన్నది.

ఇందుకు జర్మనీలో జరిగిన ఒక సంగతిని వివరంగా చెబుతాను. పూర్వపు యుగోస్లావియాలో యుద్ధాలు చెలరేగిన కాలంలో అక్కడి నుంచి ఎందరో జర్మనీకి వచ్చి ఆశ్రయం కోరారు. ఆశ్రయం కోరినవారు వెంటనే పనిలో చేరడానికి అప్పటి నిబంధనలు ఒప్పుకునేవి కావు. ఆ తరువాత ఒక న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల ఆ నిషేధకాలం తగ్గింది. దానితో 1999లో వచ్చినవారు, 2000లో వచ్చినవారికంటే సగటున 7 నెలలు ఎక్కువగా పని అనుమతి కోసం ఎదురుచూడవలసి వచ్చింది. బయలుదేరిన ప్రాంతం ఒకటే, చేరిన దేశం ఒకటే. తేడా అల్లా ఆ 7 నెలలే.

మార్బాక్, హైన్‌ముల్లర్, హంగార్ట్‌నర్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ రెండు బృందాలు ఆ తరువాత ఏమయ్యాయో పరిశీలించి, 2018లో ఫలితాలను ప్రచురించారు. 5 ఏళ్ళు గడిచాక చూసినా, ఎక్కువ కాలం ఎదురుచూసిన బృందంలో ఉద్యోగం చేస్తున్నవారు రెండో బృందంకంటే నూటికి సుమారు 20 మంది తక్కువగా ఉన్నారు. ఆ తేడా చెరిగిపోవడానికి 10 ఏళ్ళ దాకా పట్టింది. 7 నెలలు ఆగినందుకు 10 ఏళ్ళు! ఆ నష్టం వారొక్కరిదే కాదు. చెల్లించిన సంక్షేమ భృతి, రాకుండా పోయిన పన్నులు కలిపి, తాము పరిశీలించిన వారి విషయంలోనే ఏటా సగటున దాదాపు 4 కోట్ల యూరోల భారం జర్మన్ పన్ను చెల్లింపుదారులపై పడిందని వారు లెక్కకట్టారు.

అనుమతి వచ్చాకైనా వెంటనే ఎందుకు పుంజుకోలేకపోయారు? కొత్త దేశంలో అడుగుపెట్టిన రోజుల్లో ఉండే పట్టుదల, పని చేయవద్దని ఆపి ఉంచిన కొద్దీ సడలిపోతుందని ఆ పరిశోధన సూచిస్తోంది. నాకూ అదే సబబుగా తోస్తుంది. తోటి పనివారితో మాట్లాడుతూ నేర్చుకునే భాష, ఒక యజమాని మరో యజమానికి చెప్పే మంచిమాట, ఇవేవీ శిబిరంలో కూర్చున్నవారికి దొరకవు. పని సులభంగా దొరికితే మరింతమంది వస్తారని భయపడేవారు ఉన్నారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ దేశంలో ఉండనిచ్చి పని చేయనివ్వకపోవడం ఇరుపక్షాలకూ నష్టమేనని నా నమ్మకం. 2014లో జర్మనీ ఆ నిషేధాన్ని సాధారణంగా 3 నెలలకు తగ్గించింది.

ఈ నిరీక్షణ శరణార్థులకే పరిమితం కాదు. పట్టా చేతిలో ఉన్న నర్సుకూ, వైద్యునికీ ఆ పట్టాకు గుర్తింపు వచ్చేదాకా పూర్తి స్థాయిలో వృత్తి చేసే వీలు ఉండదు. అక్కడా కాలమే కరిగిపోతుంది. విదేశీ అర్హతల గుర్తింపు కోసం జర్మనీలో 2012 ఏప్రిల్ 1 నుంచి ఒక చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం స్వదేశంలో ఉండగానే దరఖాస్తు చేసుకోవచ్చు. సాధారణంగా 3 నెలల్లో నిర్ణయం చెప్పాలి, కానీ ఆ గడువు కాగితాలన్నీ అందిన తరువాతే మొదలవుతుంది.

అందుచేత అలా వెళ్ళదలచినవారికి ఒక్కటే చెబుతాను. పట్టా ఒక్కటీ సరిపోదు. అధికారులు రెండు దేశాల చదువులనూ పక్కపక్కన పెట్టి పోల్చుతారు కనుక, ఏ పాఠ్యాంశం ఎన్ని గంటలు చదివారో, ఆసుపత్రిలో ఏ విభాగంలో ఎన్ని గంటలు శిక్షణ పొందారో తెలిపే పత్రాన్ని, చదివిన కళాశాల ముద్రతో బయలుదేరకముందే తీసుకోండి. లోటు ఉన్నదని తేలినా అదనపు శిక్షణో, పరీక్షో పూర్తి చేసి దానిని భర్తీ చేసుకునే వీలుంది. ఆ లోటు ఎంతో తేలాలంటే మాత్రం ముందుగా ఆ గంటల లెక్క వారి చేతికి అందాలి.