చందమామ ముఖచిత్రాలు: సేకరించే ముందు చూడవలసినవి

[తెరపై: పాత చందమామ సంచికల అట్టలు]

నమస్కారం. పాత పత్రికలను ముఖచిత్రాల కోసం సేకరించదలచిన తెలుగువారు చందమామతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ఈ మాసపత్రికకు ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు అట్టమీది బొమ్మలు వేశారు.

[తెరపై: ‘వ.పా.’ సంతకం, దగ్గరగా]

పాపయ్య గారి బొమ్మను ‘వ.పా.’ అన్న పొడి అక్షరాలతో గుర్తుపట్టవచ్చు. ఆచార్య గారు మహాభారత ఘట్టాలను అట్టలపై చిత్రించిన కాలంలో, ఆ ఘట్టం కథను లోపలి పుటలో ‘ముఖచిత్రం’ అన్న శీర్షిక కింద చెప్పేవారు. అందువల్ల అట్టను విడదీసి ఫ్రేము కట్టిస్తే, బొమ్మ గోడమీదికి వస్తుంది గానీ దాని కథ, సంచిక నెల, సంవత్సరం చెదిరిపోతాయి. అట్ట మాత్రమే అమ్మజూపినప్పుడు, అది ఎంత అందంగా ఉన్నా, కాస్త నలిగిన పూర్తి సంచికనే నేను ఎంచుకుంటాను.

[తెరపై: బైండు చేసిన సంపుటం]

చాలా ఇళ్లలో ఏడాది సంచికలను కలిపి బైండు చేయించేవారు. ధారావాహికలు మనకు మిగలడానికి ఆ శ్రద్ధే కారణమైనా, బైండింగులో అంచులు కోసేయడం వల్ల బొమ్మ చివరలు, ఒక్కోసారి చిత్రకారుడి సంతకం కూడా పోతాయి. కొన్ని సంపుటాలలో అట్టలే ఉండవు. కాబట్టి హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులోనో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలలోనో సంపుటం దొరికితే, ధర మాట్లాడకముందే ప్రతి అట్టనూ తిప్పి చూడండి.

[తెరపై: భూతద్దం కింద అట్ట]

నకలును పసిగట్టడానికి భూతద్దం చాలు. పాత అచ్చులో రంగుల చుక్కలు ఒక క్రమంలో కనిపిస్తాయి. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన ప్రతిలో అవి చెల్లాచెదురుగా చిమ్మినట్లుంటాయి.

ఇంటికి తెచ్చాక తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా విప్పి, ఆ రంధ్రాలలోంచే నూలుదారంతో కుట్టండి. చిరుగుకు సెల్లోటేపు అంటించవద్దు. దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ అంతకంటే చెడ్డది, దానిని తిరిగి విడదీయలేము. సంచికలను ఎండ తగలని పొడి బీరువాలో పడుకోబెట్టి, వానాకాలంలో తరచుగా తీసి గాలి తగలనివ్వండి.