వాచీ మార్చాలా, బ్యాటరీ మార్చాలా?

శ్రోతలకు నమస్కారం.

మా నాన్నగారి చేతికి హెచ్ఎంటీ వాచీ ఉండేది. పొద్దున్నే కాఫీ తాగుతూ కీ ఇచ్చేవారు. ఇక మర్నాటి దాకా దాని ఊసే ఉండేది కాదు. నా స్మార్ట్‌వాచీ కొన్నప్పుడు రెండు రోజులు వచ్చేది. మూడేళ్లయింది. ఇప్పుడు పొద్దున ఆరింటికి నూరు శాతంతో పెట్టుకుంటే, సాయంత్రం కూరగాయలకు బయల్దేరేసరికి ఎర్ర గుర్తు చూపిస్తోంది. "కొత్తది కొనేయ్ నాన్నా" అంది మా అమ్మాయి.

కొనేముందు కాస్త లెక్క వేశాను. ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) దాకా ఉంటే, చాలా వాచీల్లో ఉండేది 300 నుంచి 500. పదో వంతు సరుకుతో రోజంతా నెట్టుకురావాలి. పైగా లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది. వెయ్యిసార్లు పూర్తిగా ఛార్జ్ చేశాక కూడా 80 శాతం సామర్థ్యం మిగిలేలా తయారుచేశామని తన వాచీల గురించి ఆపిల్ చెబుతుంది. సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే ఒక్కసారి కిందే లెక్క. రోజూ నింపేవారికి వెయ్యి అంటే మూడేళ్ల లోపే.

నాది ఆ కంపెనీది కాదు. అయినా అదే లెక్కన చూస్తే ఐదో వంతు తగ్గాలి. రెండు రోజులు కాస్తా రోజున్నరకు రావాలి గానీ, పన్నెండు గంటలకు ఎందుకు పడిపోయింది?

సెట్టింగ్స్ తెరిస్తే దొంగలు దొరికారు. స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. రోజంతా రక్తంలో ఆక్సిజన్ కొలుస్తోంది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరు గుడ్ మార్నింగ్ పెట్టినా నా మణికట్టు వణుకుతోంది. మూడూ ఆపేశాను. ఇప్పుడు రాత్రి పడుకునేవేళకు పాతిక శాతం దాకా మిగులుతోంది. అంటే అరుగుదల ఉన్నమాట నిజమే, కానీ అనుకున్నంత లేదు.

ఎండ సంగతీ చెప్పాలి. 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఆపిల్ సూచన. మే నెలలో విజయవాడలో ఉండేవాళ్లు ఆ మాట చదివి నవ్వుకోవాల్సిందే. కనీసం ఎండలో నిలిపిన కారులో వదిలేయకుండా, వేడి గదిలో ఛార్జింగ్ పెట్టకుండా చూసుకోవచ్చు.

తర్వాత రిపేరు షాపుకు వెళ్లాను. కుర్రాడు వేరేవాళ్ల వాచీ విప్పుతున్నాడు. అంచును వేడిచేసి, పల్చటి బ్లేడు దూర్చి, జిగురు ఊడేదాకా ఓపిగ్గా తిప్పాడు. లోపల బ్యాటరీ బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంతే. "మార్చేస్తాను సార్, కానీ నీళ్లకు మాత్రం నా పూచీ లేదు" అన్నాడు. అది న్యాయమైన మాట. ఒకసారి విప్పాక ఆ జిగురు మునుపటిలా కూర్చోకపోవచ్చు. ఈతకు వెళ్లేవాళ్లయితే కంపెనీ సర్వీసులోనే మార్పించుకోవడం మేలు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన వాచీకి మాత్రం నేనైతే కొత్త బ్యాటరీ వేయించను. రేపు ఫోన్ మారిస్తే దానితో కలవదేమోనని టెన్షన్. అప్‌డేట్లు వస్తుండి, అద్దం బాగుండి, బ్యాటరీ ఖర్చు కొత్త వాచీ ధరలో నాలుగో వంతు దాటకపోతే మార్పించేస్తాను. బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ అంచు పైకి లేస్తే ఇవేవీ ఆలోచించకండి. ఛార్జింగ్ ఆపేసి, నేరుగా సర్వీసు వాళ్లకు ఇచ్చేయండి. చెత్తబుట్టలో మాత్రం పడేయొద్దు, నలిగితే మంటలు రేగొచ్చు.

నా వాచీకి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి. వచ్చే వారం బ్యాటరీ మార్పిస్తున్నాను. మా అమ్మాయి మాత్రం కొత్త మోడళ్ల ఫొటోలు పంపడం ఆపలేదు.

సెలవు.