బోరు నీళ్ల డేటాలో తెల్ల గళ్లు

హోస్ట్: అన్నా, నల్లగొండ జిల్లా బోర్ల ఫ్లోరైడ్ షీట్ ఒకటి చేతికొచ్చిందనుకుందాం. ఊరు, నెల, లోతు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు. ముందు ఏం గీస్తారు?

గెస్ట్: హిస్టోగ్రామే, అంటే ఏ విలువల మధ్య ఎన్ని బోర్లున్నాయో కడ్డీల్లో చూపే బొమ్మ. సగటు అప్పుడే అడగకు చెల్లె. ఇలాంటి కొలతలకు సాధారణంగా కుడివైపు పొడవాటి తోక ఉంటుంది. కొన్ని బోర్లే సగటును పైకి గుంజుతాయి, మధ్యస్థం, అంటే వరుసగా పేరిస్తే నడిమికి వచ్చే విలువ, పెద్దగా కదలదు. బిన్ వెడల్పు, అంటే ఒక్కో కడ్డీ కిందికి వచ్చే విలువల మేర, 2 పెట్టావనుకో, 0.4 ఉన్న బోరూ 1.9 ఉన్న బోరూ ఒకే కడ్డీలో పడతాయి. మర్రిగూడలో ఆ నీళ్లు తాగేవాళ్లకు రెండూ ఒకటేనా? భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రకారం 1 దాటకుంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అందుకే నేను 0.25 పెట్టి, 1.5 దగ్గర ఎర్ర గీత గీస్తాను.

హోస్ట్: బాక్స్ ప్లాట్ వద్దా?

గెస్ట్: అది మధ్యస్థాన్నీ, విలువలు ఎంత పరుచుకున్నాయో కూడా ఒక పెట్టె బొమ్మలో చూపిస్తుంది. మండలాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి బాగుంటుంది. బోరుకో చుక్క కూడా వేస్తేనే నాకు నమ్మకం.

హోస్ట్: మరి ఖాళీ గళ్లు? చాలామంది సగటుతో నింపేస్తారు కదా.

గెస్ట్: నింపాక మళ్లీ హిస్టోగ్రామ్ గీసి చూడు, మధ్యలో తాటిచెట్టులా ఒక్క కడ్డీ లేస్తుంది! ముందు ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో చూడాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మిస్సింగ్‌నో అనే లైబ్రరీ ఉంది. షీటంతా ఒకే బొమ్మలో చూపిస్తుంది, విలువ లేనిచోట తెలుపు. వరుసలను నెలల ప్రకారం సర్ది గీయి. ఏప్రిల్, మే దగ్గర తెల్ల పట్టీ కనిపించిందా, బోర్లు ఎండి శాంపిల్ దొరకలేదేమో ఆరా తీయి.

ఇంకో రకం ఖాళీ మనమే చేస్తాం. యంత్రం పట్టలేనంత తక్కువుంటే ల్యాబ్ వాళ్లు ‘బీడీఎల్’ అని రాస్తారు. పట్టికల పని చేసే పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో ఆ కాలమ్‌ను బలవంతంగా అంకెల్లోకి మారిస్తే ఆ అక్షరాలన్నీ ఖాళీ అయిపోతాయి. అంటే ఫ్లోరైడ్ తక్కువున్న బోర్లే లెక్కలోంచి పోతాయి, జిల్లా సగటు ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

హోస్ట్: బొమ్మలో మాత్రం రెండూ ఒకే తెలుపు!

గెస్ట్: అందుకే మార్చకముందే ‘ఖాళీకి కారణం’ అని పక్కన ఒక కాలమ్ పెట్టుకోవాలి.

హోస్ట్: సున్నాలుంటే?

గెస్ట్: అది మరీ తంటా. కొలిస్తే వచ్చిన సున్నానా, గడి ఖాళీగా ఉండొద్దని కొట్టిన సున్నానా? సున్నా దగ్గర కడ్డీ అంత పొడుగుంటే అనుమానం రావాలి. కానీ ఏది ఏదో గ్రాఫ్ చెప్పదు. రిజిస్టర్ రాసినాయనకు ఫోన్ కొట్టాల్సిందే.