జి, డబ్ల్యూ, వై

శ్రోతలకు నమస్కారం.

దగ్గర్లో కలం, కాగితం ఉంటే తీసుకోండి. లేకపోతే అరచేతిలో వేలితో రాసుకున్నా సరే. ఇంగ్లీషు అక్షరాలు మూడు: జి, పక్కన డబ్ల్యూ, దాని పక్కన చిన్న వై. మన కంటికి అది బండి నంబరు ప్లేటులో ముక్కలా ఉంటుంది. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో తాలెక్వా అని ఒక చిన్న పట్నం ఉంది. అక్కడ చెరొకీ బడిలో చదివే పిల్లకు ఇదే చూపిస్తే ఠక్కున "త్సలగి" అంటుంది. అచ్చం మన జి, డబ్ల్యూ, వై కావు లెండి, పోలిక అంతే. మొదటిది త్స, రెండోది ల, మూడోది గి. త్సలగి అంటే చెరొకీ.

మనలో చాలామంది ఆ పేరు విన్నది జీప్ కారు మీదే. అది అమెరికా ఆదివాసుల్లో ఒక జాతి పేరు. కార్ల మీద ఆ పేరు ఇక చాలు, తీసేయండని ఆ జాతి ప్రధాన నాయకుడు 2021లో అడిగారు కూడా.

ఈ అక్షరాలు చేసినాయన పేరు సెక్వోయా. వెండిపని చేసేవాడు, ఒక కాలు కుంటి. తండ్రి తెల్లవాడని చెబుతారు, తల్లి చెరొకీ. చెరొకీలకు ఆ రెండోదే చాలు, ఎందుకంటే వాళ్ల వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. తోడేలు, జింక, పక్షి ఇలా మొత్తం ఏడు వంశాలు. మనకు సగోత్రం ఎలాగో వాళ్లకు ఒకే వంశంలో పెళ్లి అలాగ, కూడదు. కాకపోతే ఆ గోత్రం అమ్మది. ఇల్లూ అమ్మదే. పెళ్లయ్యాక మగవాడే ఆమె ఇంటికి వెళ్లేవాడు, ఇల్లరికం అని ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

సెక్వోయాకు ఇంగ్లీషు చదవడం రాదు, రాయడమూ రాదు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి పంపితే దూరాన ఉన్నవాడికి మాట చేరిపోవడం మాత్రం చూశాడు. 1809 ప్రాంతంలో తనూ మొదలుపెట్టాడు. మొదట మాటకో బొమ్మ అనుకున్నాడు. బొమ్మలు వందలు దాటాయి, మాటలు మాత్రం తరగలేదు. పొలం బీడు పడింది. ఇరుగుపొరుగు చేతబడి అన్నారు. విసిగిపోయిన భార్య ఆ బొమ్మలన్నీ పొయ్యిలో పడేసిందని ఒక కథ ఉంది. ఆమెనూ తప్పుపట్టలేం, ఇంట్లో పన్నెండేళ్లు ఇదే గోల మరి.

తర్వాత ఆయన చెవి ఒక సంగతి పట్టుకుంది. మాటలు ఎన్నున్నా వాటిలో పలుకులు మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయి. లెక్కపెడితే ఎనభై చిల్లర. పలుకుకో గుర్తు పెట్టాడు. దొరికిన ఇంగ్లీషు పుస్తకంలోంచి కొన్ని ఆకారాలు తీసుకున్నాడు గానీ, వాటి శబ్దాలు ఆయనకు తెలియవు, అక్కర్లేదు కూడా. అందుకే వాళ్ల లిపిలో డి లాంటిది 'అ', ఆర్ లాంటిది 'ఎ', హెచ్ లాంటిది 'మి'. 1821 నాటికి 86 అక్షరాలు తేలాయి. అచ్చులోకి వచ్చేసరికి ఒకటి తగ్గి 85 అయ్యాయి.

తెలుగువాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది, మనమూ పలుకుల లెక్కనే రాస్తాం కదా. 'గి' రాయాలంటే గకారానికి గుడి పెడతాం. గ, గి, గు చూడగానే ఒక ఇంటి పిల్లలని తెలిసిపోతుంది. సెక్వోయా లిపిలో ఆ పోలిక లేదు, ఆ మూడింటికీ మూడు వేరు ముఖాలు. గుణింతం లేదు, వత్తులు లేవు. అన్నీ బట్టీ పట్టాలి, అవి వచ్చేస్తే చదువు వచ్చేసినట్టే. అచ్చులు ఆరు, ఆరోది ముక్కుతో పలకాలి, మన పాత అరసున్న గుర్తొస్తుంది. ప, బ శబ్దాలైతే అసలు లేవు. 'మ' ఉన్నా అరుదే. అవధానంలో నిరోష్ఠ్య పద్యం, అంటే పెదవులు తగలకుండా పలికే పద్యం, అడిగితే ఒక చెరొకీ అంత టెన్షన్ పడడు.

చేశాడు సరే, నమ్మేదెవరు? అందుకని పరీక్ష పెట్టారు. ఆయన కూతురు అయోకా చిన్నపిల్ల, ఈ రాత మొదట నేర్చుకున్నది ఆమే. పిల్లను దూరంగా పంపేసి, పెద్దలు చెప్పిన మాటలు తండ్రి రాశాడు. పిల్లను పిలిచి కాగితం చేతికిచ్చారు. చెప్పింది చెప్పినట్టు చదివేసింది. తర్వాత తండ్రిని పంపి పిల్లతో రాయించారు. అదీ కుదిరింది. అక్కణ్నుంచి ఆ చదువు ఊళ్లకు ఊళ్లు పాకింది. మాతృభాష వచ్చిన పెద్దవాళ్లకు కొన్ని వారాలు సరిపోయేవి. 1825లో చెరొకీ ప్రభుత్వం దాన్ని తన లిపిగా ఒప్పుకుంది. బోస్టన్‌లో అచ్చు దిమ్మలు పోతపోయించి, 1828 ఫిబ్రవరి 21న జార్జియాలోని న్యూ ఎకోటాలో 'చెరొకీ ఫీనిక్స్' పత్రిక తెచ్చారు. అమెరికా ఆదివాసులు నడిపిన తొలి పత్రిక అదే. చెరొకీలో, ఇంగ్లీషులో వచ్చేది. సంపాదకుడి పేరు ఇలియాస్ బౌడినాట్.

అప్పటికి వాళ్లకు రాజ్యాంగం ఉంది, కోర్టులున్నాయి, పత్రిక ఉంది. నాగరికత లేదని అనడానికి ఎవరికీ సందు లేదు. కానీ వాళ్ల నేలలో బంగారం పడింది. 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసులను మిసిసిపి నదికి పడమరగా తరలించే చట్టం మీద సంతకం చేశాడు. 1832లో సుప్రీంకోర్టు చెరొకీల పక్షాన తీర్పు చెప్పింది, అది అమలు కాలేదు. 1835 డిసెంబరులో గుప్పెడు మంది న్యూ ఎకోటాలో కూర్చుని భూములు వదులుకుంటామని ఒప్పందం రాసిచ్చారు. ఆ గుప్పెడులో బౌడినాట్ ఒకడు. ఇక్కడుంటే జాతే మిగలదు, పోయి బతుకుదాం అని ఆయన వాదన. ప్రధాన నాయకుడు జాన్ రాస్ దీన్ని కాదంటూ 15 వేలకు పైగా సంతకాలతో అర్జీ పంపాడు. సెనేట్‌లో ఒప్పందం ఒక్క ఓటు మిగులుతో గట్టెక్కింది. బౌడినాట్‌ను ద్రోహి అనాలో, ముందుచూపున్నవాడు అనాలో నేను తేల్చుకోలేకపోయాను. సొంతవాళ్లు మాత్రం తేల్చేసుకున్నారు. 1839 జూన్ 22న ఆయన్ను చంపేశారు.

ఈలోగా 1838లో సైన్యం దిగింది. ఇళ్లలోంచి లాగి కంచెల మధ్య కుక్కారు. ఎండాకాలమంతా అక్కడే, విరేచనాలు, తట్టు. ఆ తర్వాత చలికాలంలో ఇప్పటి ఓక్లహోమాకు వెయ్యి మైళ్లకు అటూ ఇటూగా ప్రయాణం, ఎక్కువమందికి కాలినడకే. మిసిసిపి నదిలో మంచు గడ్డలు కొట్టుకొస్తుంటే దాటలేక ఒడ్డునే రోజుల తరబడి పడి ఉన్నవాళ్లున్నారు. బయల్దేరింది సుమారు 16 వేల మంది. కంచెల్లోనూ దారిలోనూ కలిపి దాదాపు 4 వేల మంది పోయారని అంచనా. జాన్ రాస్ భార్య కూడా దారిలోనే పోయింది. వాళ్ల భాషలో ఆ దారికి 'వాళ్లు ఏడ్చిన బాట' అని పేరు.

ఆ బాట మీద నడిచినవాళ్లలో చెరొకీలు కొనుక్కున్న నల్లజాతి బానిసలు కూడా ఉన్నారు. జాన్ రాస్‌కూ బానిసలు ఉండేవారు. ఈ ముక్క దాటేసి కథ చెప్పడం నాకిష్టం లేదు. ఆ బానిసల వారసులకు చెరొకీ పౌరసత్వం ఉందని 2017లో కోర్టు చెప్పాల్సి వచ్చింది.

కొందరు తరలిపోకుండా నార్త్ కరోలినా కొండల్లోనే ఉండిపోయారు. వాళ్లలో ఒక వైద్యుడు మంత్రాలు, కథలు సెక్వోయా లిపిలో నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు ఆయన్ను స్విమ్మర్ అన్నారు. 1880ల చివర్లో జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు ఆయన దగ్గర కూర్చుని విన్న కథల్లో ఒకటి నిప్పు కథ.

లోకం చల్లగా ఉండేదట. పిడుగులు ఒక దీవిలో తొర్ర చెట్టు అడుగున నిప్పు పెట్టాయి. నేను తెస్తానని కాకోలం అనే పెద్ద కాకి వెళ్లింది, ఈకలు కాలి నల్లబడి వచ్చింది. గుడ్లగూబ తొర్రలోకి తొంగి చూసింది, కళ్లచుట్టూ బూడిద వలయాలు అంటుకున్నాయి. పాములు వెళ్లాయి, అవీ నల్లగా కమిలి వచ్చాయి. చివరికి నీటి సాలీడు లేచింది. నువ్వు తేగలవు సరే, దేంట్లో తెస్తావన్నారు. అది తన పోగుతోనే చిన్న గిన్నె అల్లి వీపుకు కట్టుకుంది. నీళ్ల మీదుగా వెళ్లి ఒకే ఒక్క నిప్పుకణిక అందులో వేసుకుని వచ్చింది. రామాయణంలో ఉడత చారలు చూపించి మనం పిల్లలకు కథ చెప్పమూ, అలాంటిదే.

ఇప్పుడు చెరొకీలవి మూడు ప్రభుత్వాలు, రెండు ఓక్లహోమాలో, ఒకటి నార్త్ కరోలినాలో. వాటిలో ఒకటైన చెరొకీ నేషన్ ఒక్కదాంట్లోనే నాలుగున్నర లక్షలకు పైగా పౌరులు. కానీ అమ్మభాషగా చెరొకీ మాట్లాడేవాళ్లు రెండు వేల మందికి లోపే, అందులో ఎక్కువమంది ముసలివాళ్లే. 2019లో మూడు ప్రభుత్వాలూ కలిసి భాష విషయంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. సెక్వోయా అక్షరాలు ఇవాళ ఫోన్లలోకి వచ్చాయి, తాలెక్వా వీధి బోర్డుల మీద ఉన్నాయి.

2020 డిసెంబరులో కోవిడ్ టీకాలు తాలెక్వా చేరాయి. వచ్చినవి కొన్నే డోసులు. ముందు ఎవరికి వేయాలన్న జాబితాలో ఆస్పత్రి సిబ్బందితో పాటు చెరొకీ గలగలా మాట్లాడే పెద్దలను చేర్చారు. భాష వచ్చు గనక వరుసలో ముందుకు రమ్మన్నారు.

ఆ పెద్దలు కలిసినప్పుడు "ఓసియో" అంటారు, మేలు చేస్తే "వాదో" అంటారు. సెలవు తీసుకునే మాట మాత్రం వాళ్ల భాషలో లేదంటారు. మనం గడప దాటుతూ వెళ్తాననకుండా వెళ్లొస్తాననమూ? వాళ్లూ అంతే, "దొనదగొహఁఇ" అంటారు, మళ్లీ కనబడదాం అని.

ఇంతసేపూ విన్నందుకు వాదో. వెళ్లొస్తాను.