మడమ నొప్పి: అల్ట్రాసౌండ్ ఎప్పుడు, ఎందుకు?

(విశాఖపట్నంలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ముగిశాక మా స్కానింగ్ గదికి మడమ నొప్పితో వచ్చేవారు పెరుగుతారు. ఏడాదంతా పెద్దగా నడవనివారు కూడా ఆ 32 కిలోమీటర్లూ నడుస్తారు, చాలామంది వట్టి కాళ్లతోనే. వారి భక్తికి నేను చేతులు జోడిస్తాను. కానీ అలవాటు లేని బరువు మోసింది మాత్రం ఆ పాదాలే. రోజంతా నిలబడి పనిచేసే జగదాంబ కూడలి దుకాణాల అమ్మాయిలది కూడా ఇదే బాధ.

వచ్చేవారి చేతిలో తరచుగా ఒక ఎక్స్‌రే ఉంటుంది. "మడమలో ఎముక ముల్లులా పెరిగిందట, ఆపరేషన్ చేయించుకోవాలా డాక్టరుగారూ?" అని భయంభయంగా అడుగుతారు. ఆ ముల్లు నొప్పి లేనివారిలోనూ కనిపిస్తుంది. ముల్లు లేకుండానే నొప్పితో కుంటేవారూ ఉన్నారు. దాని గురించి దిగులు పెట్టుకోకండి.

మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా గట్టి పీచు పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరు ప్లాంటార్ ఫేషియా. విల్లుకు నారిలాగా అది పాదం వంపును నిలబెడుతుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ ముడుచుకుంటుంది. తెల్లవారి మంచం దిగి తొలి అడుగు వేయగానే ఒక్కసారిగా సాగి ప్రాణం లాగేస్తుంది. నాలుగడుగులు వేస్తే కాస్త నెమ్మదిస్తుంది. ఈ మాట విని, మడమ లోపలి అంచున బొటనవేలితో నొక్కి చూస్తే చాలావరకు జబ్బు తెలిసిపోతుంది. కాబట్టి ప్రతి మడమ నొప్పికీ స్కానింగ్ అక్కర్లేదు. స్కానింగ్ చేసే నేనే ఈ మాట గట్టిగా చెప్పాలి.

నెలలు గడిచినా తగ్గనప్పుడు, లక్షణాలకు పొంతన కుదరనప్పుడు, ఇంజెక్షన్ ఇవ్వాలనుకున్నప్పుడు అల్ట్రాసౌండ్ నిజంగా ఉపయోగపడుతుంది. బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి ఉండేలా చూస్తాం. వేళ్లను పైకి వంచి, జెల్ రాసి ప్రోబు, అంటే చేత్తో పట్టుకునే స్కానింగ్ పరికరం, ఆనిస్తాం. తెరపై మడమ ఎముక మెరిసే తెల్లని గీతగా, దాన్ని పట్టుకుని సన్నని తెల్లని పోగుల వరుసగా పట్టీ కనిపిస్తాయి. ఎముకకు అతుక్కునే చోట దాని మందం సాధారణంగా 4 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. జబ్బు చేస్తే ఉబ్బి, పోగుల వరుస చెదిరి, నల్లబడుతుంది. అయితే ప్రోబు కొంచెం వాలినా ఆరోగ్యమైన పట్టీ కూడా నల్లగానే కనిపిస్తుంది. చేసే చేతికి ఓర్పు కావాలి. నేను నొప్పి లేని పాదాన్ని కూడా తప్పక చూస్తాను, ఎందుకంటే కొందరికి రెండు పట్టీలూ సహజంగానే మందం. తర్వాత ప్రోబుతో నొక్కి "ఇక్కడేనా?" అని అడుగుతాను. మిల్లీమీటర్ల కంటే ఆ జవాబును ఎక్కువ నమ్ముతాను.

పట్టీ తెగిందా, అరికాలి మధ్యలో గడ్డ ఉందా అన్నది కూడా ఇందులో తెలుస్తుంది. ఎముక లోపల ఏముందో మాత్రం తెలియదు. మడమను రెండు పక్కల నుంచీ పిండితే నొప్పి పుడుతున్నదంటే ఎముకలో సన్నని పగులు ఉందేమోనని ఎంఆర్ఐకి పంపుతాం. చిన్న వయసులోనే రెండు మడమలూ నొస్తూ, ఉదయం నడుము చాలాసేపు బిగుసుకుపోతుంటే కీళ్లవాతం డాక్టరును కలవాలి.

ఈ యంత్రాన్ని ఫిజియోథెరపీ కేంద్రంలోనే పెట్టవచ్చు కదా అని కొందరు అడుగుతారు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం, పాదం చూడడానికే వాడినా అల్ట్రాసౌండ్ యంత్రాన్ని నమోదు చేయించాల్సిందే. ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చిన ఆ నియమాన్ని నేను మనసారా సమర్థిస్తాను.

ఇక వైద్యం. మంచం దిగకముందే నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలిపై వేసుకుని, వేళ్లను మీ వైపు లాగి పది లెక్కపెట్టండి. అలా పదిసార్లు చేయండి. మడమ దగ్గర మెత్తగా ఉండే చెప్పులు ఇంట్లో కూడా వేసుకోండి. ఎక్కువమందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను తొందరపడి అడగకండి. దానివల్ల పట్టీ తెగే, మడమలోని కొవ్వు కరిగే ప్రమాదం ఉంది. మధుమేహం ఉన్నవారికి కొన్నాళ్లు చక్కెర కూడా పెరుగుతుంది. తప్పనిసరైతే సూది మొన ఎక్కడుందో తెరపై చూస్తూ ఇచ్చే చోటే వేయించుకోండి.

నొప్పి తగ్గాక మందం కొలిపించుకోవడానికి మళ్లీ రానక్కర్లేదు. హాయిగా నడుస్తున్నవారిలో కూడా ఆ మందం చాలాకాలం అలాగే ఉండవచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.